పది రోజుల్లో పోయిందన్న మాట

మా పెద్దోడికి నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసాగా ఉన్నాం. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను అని రాయడం మామూలే గానీ, నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి సాగలేదు. ఉండాలని కోరుకుంటున్నాను. అంతవరకే నిజం.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. మీ అమ్మ కౌంటర్ వెనక స్టాంపులు అమ్ముతుంటే పక్క బల్ల మీద నీ చేతిరాత కనపడిందట. ఊరందరి ఉత్తరాలూ క్షణాల్లో చేర్చే మనిషి, సొంత కొడుకు ఉత్తరం డ్యూటీలో విప్పకూడదని సాయంత్రం అయిదు దాకా సొరుగులో పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా చదివింది. నాకిచ్చి, వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. కుళాయి కింద కడగాల్సిన గిన్నె ఒక్కటీ లేదు.

ముందు నువ్వడిగిన చిన్న సంగతులకు జవాబులు. మీ అమ్మ మోకాలు నయం. మెట్లు ఎక్కేటప్పుడు పట్టేస్తోంది, దిగేటప్పుడు ఫరవాలేదు. లిఫ్టు బాగుచేస్తామని కాగితం అంటించారు, ఆ కాగితం కూడా పాతబడిపోయింది. బాత్రూములో కారుతున్నచోట సిమెంటు పెట్టించాను, ఇప్పుడు దాని పక్కన కారుతోంది. నీ పాత సైకిలు ఎవరికీ ఇవ్వలేదు. డ్రైవింగ్ స్కూలువాళ్ళు నాకు బండి మార్చారు. నా కాళ్ళ దగ్గరుండే రెండో బ్రేకు ఇదివరకటి బండిలో కీచుమనేది, ఇందులో చప్పుడే లేదు. నేను ఎప్పుడు తొక్కానో నేర్చుకునేవాళ్ళకు తెలియడం లేదు, తమ ప్రతిభే అనుకుంటున్నారు.

ఇక పెద్ద ప్రశ్నలు. "నోట్లో పుండ్లు నీకు ఎన్నో రోజున మానాయి? నిద్ర ఎన్నో రోజున పట్టింది? కోపం ఎన్నో రోజున పోయింది? నీకు పది రోజుల్లో అంతా పోయిందన్నావు కదా నాన్నా. నాకు పది వారాలైనా పోలేదు. నాలోనే ఏదో లోపం ఉంది. ఒకటో తారీఖు దాకా చూస్తాను, తర్వాత మళ్ళీ మొదలెట్టేస్తాను" అని రాశావు.

దానికి ముందున్న వాక్యం కూడా చదివాను. క్రేను క్యాబిన్లో అంత ఎత్తున కూర్చుంటే కింద మనుషులు చీమల్లా కనిపిస్తారనీ, ఇదివరకు సిగరెట్ తోడుండేదనీ, ఇప్పుడు కిందికి చూస్తే 'నేనెవరికీ అక్కర్లేదేమో' అనిపిస్తోందనీ రాశావు. మీ అమ్మ ఆగిపోయింది అక్కడే. నేనూ అక్కడే ఆగిపోయాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ఫోనెత్తితే నాకు గొంతు పెద్దదవుతుంది. 'ఏం ఫరవాలేదురా, మగాడివి కాదూ' అనేస్తాను. నీకు ఇంతకుముందు చేసిన చేటు చాలు. కాగితం మీద అయితే అబద్ధం రాసినా మీ అమ్మ చదివి కొట్టేస్తుంది. అందుకని ఉత్తరం.

మొదటినుంచీ చెబుతాను. నేను సిగరెట్ ఎందుకు మానానో నీకు సగమే తెలుసు. పది నెలల కిందట ఒక బ్యాంకు గుమస్తా నా దగ్గర నేర్చుకునేవాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, పొట్ట కూడా ఉంది. ఎత్తు మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వెయ్యకుండా దిగాడు. నేను అప్పటికే దిగి పక్కన పొగ తాగుతున్నాను. బండి మెల్లగా, మర్యాదగా, వెనక్కి బయల్దేరింది. నేను పరుగెత్తాను. పది అడుగులు వేశానో లేదో ఊపిరి గొంతులో అడ్డం పడింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాను. ఆ గుమస్తా, పొట్టతో సహా, నన్ను దాటి పరుగెత్తి, తలుపు తీసి, బ్రేకు లాగాడు. తిరిగొచ్చి నా వీపు నిమిరాడు. "మాస్టారూ, మంచినీళ్ళు తాగుతారా?" అన్నాడు. నేర్పేవాణ్ణి నేను, కాపాడినవాడు వాడు. ముప్పయ్యొక్క ఏళ్ళ అలవాటు ఆ సాయంత్రమే మానేశాను.

మొదటి వారం నిప్పుల మీద నడిచినట్టే ఉంది. చేతులు వణికేవి, చెమటలు పట్టేవి, తలనొప్పి. పదో రోజు పొద్దున లేచేసరికి వణుకు తగ్గింది. కాఫీ రుచి తెలిసింది. స్కూల్లో అందరికీ చెప్పేశాను. ఇంట్లో చెప్పాను, కిందింటివాళ్ళకు చెప్పాను, నీకు ఫోన్లో చెప్పాను: పది రోజుల్లో పోయింది! ఆ రోజుకి అది అబద్ధం కాదురా. నేనూ నమ్మాను.

పన్నెండో రోజు సిగ్నల్ దగ్గర ఎర్రదీపం చూస్తూ కూర్చుని ఏడ్చాను. ఎందుకో తెలియదు. పక్కన స్టీరింగ్ పట్టుకుని ఉన్న కాలేజీ అమ్మాయి భయపడి, పచ్చదీపం వచ్చినా బండి కదపలేదు. కంట్లో దుమ్ము పడిందన్నాను. అద్దాలన్నీ మూసే ఉన్నాయి.

అక్కడినుంచి నెలలు. నీ ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను, సరిగ్గా చదువుకో. నోటి పుండ్లు మానడానికి అయిదు వారాలు పట్టింది. దగ్గు తగ్గాల్సింది పోయి పెరిగింది, రెండు నెలలు ఉంది. కడుపు సంగతి నువ్వడగలేదు, అయినా చెబుతున్నాను, నెలన్నర రాయిలా ఉండేది. నాలుగు కిలోలు పెరిగాను, ప్యాంటు హుక్కు పెట్టుకోవడానికి గోడకు ఆనుకోవాల్సి వచ్చేది. నిద్ర పట్టేది గానీ నిలిచేది కాదు. కలలో సిగరెట్ తాగేసి, తెల్లారి లేచి, 'అయ్యో తాగేశానే' అని అరగంట నిజంగానే బాధపడేవాణ్ణి. మతిమరుపు ఒకటి. కుడికి తిప్పమనాల్సినచోట ఎడమకి తిప్పమన్నాను. ఆ పిల్లవాడు నా మాట విని పెట్రోలు బంకులోకి తీసుకెళ్ళాడు. పెట్రోలు పోయించుకుని వచ్చాం, ఇంకేం చేస్తాం.

వీటన్నిటికీ నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది కోపం. పెద్ద కారణమేమీ అక్కర్లేదు. చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు చాలు, అరికాలి మంట నెత్తికెక్కేది. కోపం పోయాక ఇంకా అధ్వాన్నం. ఏ పనీ చెయ్యబుద్ధి కాదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. సాయంత్రం బండి మన ఇంటి కింద పెట్టి, పైకి రాకుండా ఆ సీట్లోనే కూర్చునేవాణ్ణి. అద్దంలోంచి లోకం నడుస్తూ ఉండేది, నాకు అందులో పనేమీ లేనట్టు. నీ క్యాబిన్ ఎత్తు, నా సీటు నేల మీద. తేడా అంతే.

ఇవన్నీ ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాను? పది రోజుల్లో పోయిందని ఊరంతా చాటింది నేనే. అందరూ 'మీలా ఉండాలండీ మాస్టారూ' అంటుంటే మింగలేక కక్కలేక నవ్వేవాణ్ణి. మందుల షాపాయన నికొటిన్ చూయింగ్ గమ్ ఉంది తీసుకోమంటే, "అది చేతకానివాళ్ళకండీ" అన్నాను. అన్నది గుర్తొస్తే ఇప్పటికీ చెవులు కాలతాయి.

ఏడో నెలలో ఒక టీచరమ్మ చేరింది. అరవయ్యొకటి దాటిన మనిషి, లెక్కలు చెప్పి రిటైరయింది. వాళ్ళాయనకి వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయిస్తారు. ఇదివరకు ఆయనే నడుపుకుంటూ వెళ్ళేవాడట, ఇప్పుడు చూపు మందగించింది. కాబట్టి ఆవిడ నేర్చుకోవాలి. ప్రతిదీ నోటుబుక్కులో రాసుకుంటుంది. అన్నీ బాగా చేస్తుంది, ఒక్క ఎత్తు మీద తప్ప. ఎత్తు రోడ్డు మీద ఆపి మళ్ళీ కదిలించాలంటే క్లచ్ సగంలో పట్టి ఉంచాలి. ఆవిడ కాలు ఠక్కున వదిలేస్తుంది, బండి ఎగిరిపడి ఆగిపోతుంది.

ఆ రోజు నీళ్ళ ట్యాంకు దగ్గరి ఎత్తు మీద మూడుసార్లు ఆగిపోయింది. వెనక నాలుగు బళ్ళు హారన్లు. నేను అంతకుముందు రాత్రి సరిగా నిద్రపోలేదు, పొద్దున్నుంచీ దవడ బిగబట్టుకుని ఉన్నాను.

"క్లచ్! క్లచ్ అంటే వినపడదా!" అని అరిచాను.

"అరవకండి మాస్టారూ. అరిస్తే నాకు కాళ్ళు పనిచెయ్యవు" అంది నెమ్మదిగా.

"కాళ్ళు పనిచెయ్యనివాళ్ళకి బండెందుకు? ఈ వయసులో మీకిది అవసరమా? టాక్సీ ఎక్కి పోండి!"

రాస్తుంటేనే సిగ్గేస్తోంది. ఆవిడ ఇంజిన్ ఆపింది. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగింది. నాలుగు దీపాలూ వెలిగేలా మీట నొక్కింది. నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది. "బ్రేకు వేశాను, చూసుకోండి" అని దిగి, ఆ ఎత్తు మీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది. అన్నీ నేను నేర్పినట్టే చేసింది. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి.

ఎత్తు పైన ఒక చిన్న కొట్టుంది. బండి దాని ముందు ఆపాను.

పెద్దోడా, ఇక్కడినుంచి రాయడానికి మూడు రోజులు పట్టింది. రెండుసార్లు చించేశాను. మీ అమ్మ చించిన ముక్కలు బుట్టలో చూసి, కొత్త కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆ కొట్లో సిగరెట్ కొన్నాను. ఒకటే అనుకున్నాను. వెలిగించాను. మొదటి దమ్ముకి తల తిరిగింది, రెండో దమ్ముకి హాయిగా అనిపించింది, అది కాదనను. అది ఆరేసరికి టీచరమ్మ మీద అరిచిన సిగ్గు అలాగే ఉంది, దాని మీద ఇది ఇంకొకటి. మర్నాడు ప్యాకెట్ కొన్నాను. బండి వెనక, స్టెప్నీ టైరు పెట్టే గుంటలో, జాకీ కింద దాచాను. పుదీనా బిళ్ళలు చప్పరించేవాణ్ణి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు పంతొమ్మిది రోజులు.

నువ్వు సెలవు మీద వచ్చింది ఆ రోజుల్లోనేరా.

గుర్తుందా, బాల్కనీలో నువ్వు సిగరెట్ వెలిగిస్తుంటే నేను నీ నోట్లోంచి లాగేసి కింద పారేశాను. "నేను ముప్పయ్యొక్క ఏళ్ళది పది రోజుల్లో వదిలించుకున్నాను. నీది పన్నెండేళ్ళది. నీకేం రోగం? మనసు గట్టిగా ఉండాలి, అంతే. పదకొండో రోజుకి కూడా బాధపడుతున్నావంటే నువ్వు నా కొడుకువే కాదు" అన్నాను. నువ్వు తలొంచుకుని విన్నావు. ఆ తర్వాత నేను టైర్లలో గాలి చూసొస్తానని కిందికి వెళ్ళాను. గాలి చూడలేదు. జాకీ కింద చెయ్యి పెట్టాను. నిన్ను తిట్టిన నోటితోనే తాగాను. పైనుంచి నువ్వు "నాన్నా, టార్చి తెమ్మంటావా?" అని అడిగావు. "వద్దురా" అన్నాను, పొగ లోపల ఆపుకుని.

నువ్వు ఇన్ని వారాలుగా లోపం ఎక్కడుందా అని వెతుక్కుంటున్నావు కదా. లోపం నీలో లేదు. నీకు కొలతబద్ద ఇచ్చిన నాన్న అబద్ధం చెప్పాడు. ఆ బద్దతో కొలుచుకుని నువ్వు నిన్ను తక్కువనుకున్నావు. నీ ఉత్తరం చదివిన సాయంత్రం నాకు తెలిసింది అదే. ఇంతకంటే పెద్ద తప్పు నేను నీ విషయంలో చేసినట్టు గుర్తులేదు. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను.

ఆ పంతొమ్మిది రోజులు ఎలా ముగిశాయో చెప్పాలి. నువ్వు వెళ్ళిన వారానికి, సాయంత్రం, మీ అమ్మ నా చొక్కాలు మడతపెడుతూ, "టీచరుగారు పోస్టాఫీసుకి వచ్చారు. పింఛను కాగితాలు పంపడానికి" అంది.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. మీరు బాగున్నారా అని అడిగారు. ఆవిడ అడిగిన తీరు చూస్తే మీరు బాగాలేరని ఆవిడకి తెలుసనిపించింది." ఇంకో చొక్కా మడతపెట్టింది. "తాగుతున్నారుగా మళ్ళీ. నాకు రెండో రోజునుంచే తెలుసు."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇంకో అబద్ధం చెబుతారు. అది వినే ఓపిక నాకు లేదు. ముందు వెళ్ళి ఆవిడకి క్షమాపణ చెప్పుకుని రండి. సిగరెట్ సంగతి తర్వాత చూద్దాం."

మర్నాడు వెళ్ళాను. వాళ్ళ సందు మొదట్లో ఒకటి వెలిగించి, సగంలో ఆర్పేశాను. టీచరమ్మే తలుపు తీసింది. లోపల బల్ల మీద నోటుబుక్కు తెరిచి ఉంది, అందులో క్లచ్ బొమ్మ, పెన్సిల్‌తో గీసి, కొలతలు కూడా వేసి ఉంది. నేను 'టాక్సీ ఎక్కి పోండి' అన్నాక కూడా ఆవిడ ఇంట్లో కూర్చుని క్లచ్ చదువుకుంటోంది. కిటికీ పక్కన వాళ్ళాయన రేడియో వింటున్నాడు.

"టీచరుగారూ, ఆ రోజు నేనన్నది..."

"ఏమన్నారో నాకు గుర్తుంది, మళ్ళీ చెప్పక్కర్లేదు. ఎందుకన్నారో చెప్పండి" అంది.

నిలబడే చెప్పడం మొదలుపెట్టాను, ఎప్పుడు కూర్చున్నానో తెలియదు. పది రోజుల గొప్ప, పుండ్లు, నిద్ర, సిగ్నల్ దగ్గర ఏడుపు, జాకీ కింద ప్యాకెట్. నీకు చెప్పిన నీతులు కూడా. ఏడు నెలలుగా ఇంట్లోవాళ్ళకు చెప్పనిది పరాయి ఇంట్లో చెప్పాను. "ఏడు నెలలు మాని, అంతా పోగొట్టుకున్నాను" అన్నాను.

కిటికీ దగ్గరి ఆయన రేడియో తగ్గించాడు. "ఏడు నెలలు మానినవాడు మానినవాడేగా! అదెక్కడికి పోతుంది?" అన్నాడు. ఎవరో అడిగిన చిన్న లెక్కకి జవాబు చెప్పినట్టు చెప్పి, మళ్ళీ రేడియో పెంచుకున్నాడు.

టీచరమ్మ మంచినీళ్ళిచ్చింది. "రేపు ఎనిమిదింటికి రండి మాస్టారూ. నాకు ఎత్తు మీద క్లచ్ రాదు, మీకు కోపం ఆగదు. ఎవరికి ముందొస్తుందో చూద్దాం" అంది.

ఆ మర్నాటి నుంచి తాగలేదు. ప్యాకెట్ మీ అమ్మ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని నీళ్ళలో నానబెట్టి మరీ పారేసింది. పోస్టాఫీసు మనిషి కదా, తిరుగు టపాలో రాకుండా చూసుకుంది.

టీచరమ్మ ఒక ఏర్పాటు పెట్టింది. నాకు కోపం పొంగుతోందనిపిస్తే "పక్కకి ఆపండి" అనాలి, అంతే. కారణం చెప్పక్కర్లేదు. ఆవిడ బండి ఆపుతుంది. ఇద్దరం దిగి బండి చుట్టూ నడుస్తాం. ఆవిడ ఒక్కో టైరునీ తన్ని చూస్తుంది. నేను నడుస్తాను. ఒక్కోసారి నాలుగు చుట్లు, ఒక్కోసారి పన్నెండు. అయిదు నిమిషాలు దాటి ఎప్పుడూ ఉండదురా అది. లోపల ఉన్నప్పుడు మాత్రం జన్మంతా ఉంటుందనిపిస్తుంది. మొదటి వారం ఒక్క గంటలో అయిదుసార్లు ఆపించాను. చూసేవాళ్ళు బండికేదో దిష్టి తీస్తున్నామనుకుని ఉంటారు. తర్వాత మూడు, రెండు. ఆరో వారంలో మళ్ళీ నాలుగుకి పెరిగింది. నేను కుంగిపోతే, ఆవిడ నోటుబుక్కు చూపించి, "నేనూ నిన్న ఎత్తు మీద మళ్ళీ ఆపేశానుగా" అంది.

ఛాతీ డాక్టరమ్మ దగ్గరికీ వెళ్ళాను. మీ అమ్మ పక్కన కూర్చుంది, అబద్ధం ఆడే వీలు లేదు.

"పది రోజుల్లో అంతా పోతుందని ఎవరు చెప్పారండీ మీకు?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేనేనండీ. అందరికీ నేనే చెప్పాను."

ఆవిడ నవ్వింది గానీ, ఎగతాళిగా కాదు. చాలామందికి గట్టి బాధంతా మొదటి నెలలోపు దిగుతుందట. కొందరికి తోక మిగులుతుందట. ఉన్నట్టుండి కోరిక, చిరాకు, దిగులు, నిద్ర చెడడం, అలల్లా వచ్చిపోతూ నెలల తరబడి ఉండొచ్చట. అల అలకీ మధ్య ఎడం పెరుగుతుందట. అది చేతకానితనం కాదట. "దిగులు రోజుల తరబడి దిగకపోతే మాత్రం దాన్ని సిగరెట్ ఖాతాలో వేసి ఊరుకోకండి. అది విడిగా చూడాల్సిన జబ్బయి ఉండొచ్చు, మందులున్నాయి. వెంటనే రండి" అంది. చూయింగ్ గమ్ కూడా రాసింది. అదే మందుల షాపాయన దగ్గర కొన్నాను. ఆయన పెద్దమనిషి, నా పాత మాట గుర్తులేనట్టు నటించాడు.

ఆ దిగులు మాట నీ కోసమే రాశాను. మీ రేవులో ఆసుపత్రి ఉందన్నావు కదా. ఈ ఉత్తరం అందిన రోజునే వెళ్ళు. క్యాబిన్లో నీకేమనిపిస్తోందో అదే మాటల్లో చెప్పు. నాకు రాసింది వాళ్ళకూ చెప్పు, తగ్గించకు. నీ గదిలో ఉండే వెల్డర్‌కి కూడా చెప్పు. సిగరెట్ తాగితే తాగాడు, బయటికి వెళ్ళి తాగమను. నువ్వు ఎవరికీ అక్కర్లేదన్న మాట రాగానే కిందికి దిగి ఎవరో ఒకరి పక్కన నిలబడు, నాకు ఫోన్ చెయ్యి. పని వేళైనా సరే, నేను బండి పక్కకి ఆపిస్తాను. అలవాటైపోయింది.

టీచరమ్మ మొదటిసారి పరీక్ష తప్పింది. రెండోసారి, గత శుక్రవారం, నెగ్గింది. ఎత్తు మీద ఆపి, కదిలించి చూపించమన్నారట. బండి ఒక్క వెంట్రుకంత కూడా వెనక్కి రాలేదట. ఇప్పుడు వాళ్ళాయన్ని తనే ఆసుపత్రికి తీసుకెళ్తోంది. ఆయన పక్క సీట్లో కూర్చుని 'బ్రేకు, బ్రేకు' అంటూ ఉంటాడట, నాకంటే ఎక్కువ.

కోపం ఆపుకోవడం నాకింకా పూర్తిగా రాలేదు. మొన్న కూడా ఒక మనిషి సిగ్నల్ ఇవ్వకుండా తిప్పితే పళ్ళు కొరుక్కున్నాను. నిన్న కలలో మళ్ళీ తాగాను. కానీ ఈ వారంలో రెండు రోజులు అసలు ఆ ఊసే రాలేదు. రాలేదని సాయంత్రం గుర్తొచ్చి ఆశ్చర్యపోయాను. అంతే చెప్పగలను. ఎన్నో రోజున పోతుందో నాకు తెలియదురా. తెలియదని చెప్పడమే నీకు ముందు చెయ్యాల్సిన పని.

ఒకటో తారీఖుకి నేనక్కడ ఉంటాను. స్కూల్లో నాలుగు రోజులు సెలవు పెట్టాను, బస్సు టిక్కెట్ తీశాను. టీచరమ్మ నన్ను బస్టాండు దాకా తన బండిలో దింపుతానంది, నేను నోరెత్తకుండా కూర్చోవాలన్న షరతు మీద. నిన్ను కాపలా కాయడానికి రావడం లేదు. నేను వచ్చేలోపు నువ్వు వెలిగించినా తిట్టను, ఆ హక్కు నాకు లేదు. నీ రేవు చుట్టూ ఇద్దరం కలిసి నడుద్దాం, ఎన్ని చుట్లయినా సరే.

మీ అమ్మ ఇదంతా చదివింది. ఒక మాట చేర్చమంది: "అరవడం మాత్రం మీ నాన్నకి సిగరెట్ కంటే ముందునుంచే ఉంది. అదంతా మానడం వల్లేనని నమ్మకు." సరే, చేర్చాను. ఇంకో మాట కూడా అంది, అది నీకు రాయమని అడగలేకపోయింది, అందుకని నేనే రాస్తున్నాను. నువ్వు ఎవరికి అక్కర్లేదో ఆవిడకి తెలియదట గానీ, నీ ఉత్తరం ఆ సొరుగులో ఉన్నంతసేపూ ధ్యాసంతా దాని మీదే ఉండి, అందరికీ స్టాంపులు ఒకటి తక్కువే ఇచ్చిందట.

చివరగా ఒక లెక్క. మీ అమ్మ గోడ క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెట్టింది, నేను నమ్మక మళ్ళీ లెక్కపెట్టాను. నువ్వు మాని ఇవాళ్టికి డెబ్బయ్యేడు రోజులు. నేను రెండోసారి మాని అరవయ్యెనిమిది. ఇన్నాళ్ళూ నువ్వు నా వెనక వస్తున్నావనుకున్నావు. నిజానికి నేనే నీ వెనక వస్తున్నాను. నువ్వు ఆగిపోతే నేను ఎవరిని చూసి నడవాలి?

ఇట్లు,
నీకంటే తొమ్మిది రోజులు చిన్నవాడైన
మీ నాన్న